కువైట్ సొమ్ము, లండన్ అద్దె

లండన్‌లో థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున, టవర్ బ్రిడ్జికి కూతవేటు దూరంలో, ఓ పక్కకి ఒరిగినట్టుండే గుండ్రటి గాజు భవనం ఉంది. నార్మన్ ఫోస్టర్ గీసిన నమూనా అది. 2002 నుంచి 2021 చివరి దాకా లండన్ మేయరు కార్యాలయం అందులోనే నడిచింది. సిటీ హాల్ అనే పేరు చూసి అది నగర ప్రభుత్వపు సొంత ఆస్తే అనుకున్నవాళ్లు చాలామంది. నిజానికి మేయరు అక్కడ అద్దెకున్నారు. 2013 డిసెంబరు నుంచి ఆ అద్దె సెయింట్ మార్టిన్స్ ప్రాపర్టీ అనే కంపెనీకి వెళ్లేది. ఆ కంపెనీ వెనక ఉన్నది కువైట్ ప్రభుత్వ సొమ్ము.

మనం ఇల్లు అద్దెకు తీసుకుంటే ఇంటి ఓనరు ఎవరో తెలుస్తుంది. నెల మొదట్లో ఫోను వస్తుంది. ఆఫీసు టవర్లకు, మాల్స్‌కు, గోదాములకు ఓనరు అలా కంటికి కనబడడు. ఎక్కడో వేరే ఖండంలో ఉంటాడు. చాలాసార్లు మనిషి కూడా కాదు: ఓ దేశపు నిధి, ఉద్యోగుల పింఛను సంస్థ, వేలమంది వాటాలున్న కంపెనీ. ఇలాంటి సంస్థలు దేశదేశాల్లో భవనాలు ఎలా కొంటాయి, ఎలా నడుపుతాయి, ఎక్కడ గెలుస్తాయి, ఎక్కడ దెబ్బతింటాయి? ఈ సంగతులు తెలుసుకోవడానికి కువైట్ కథ బాగా పనికొస్తుంది. అక్కడ అద్దె గదుల్లో ఉంటూ ఇంటికి డబ్బు పంపే తెలుగువాళ్లకూ, ఆ డబ్బుతో ఇక్కడ స్థలమో షాపో కొనాలనుకునే కుటుంబాలకూ ఇది దూరపు విషయం కాదు.

ముందు డబ్బు, తర్వాత భవనం

కువైట్‌లో బుర్గాన్ దగ్గర 1938లో చమురు పడింది. ఎగుమతి 1946లో మొదలైంది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది 1961లో. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1953లో, చమురు డబ్బును మదుపు పెట్టడానికి లండన్‌లో కువైట్ ఇన్వెస్ట్‌మెంట్ బోర్డు వెలిసింది. 1965లో దాని స్థానంలోకి కువైట్ ఇన్వెస్ట్‌మెంట్ ఆఫీసు, అంటే కేఐఓ, వచ్చింది. 1976లో భవిష్యత్ తరాల నిధి పెట్టారు. ప్రభుత్వ రాబడిలో ఏటా 10 శాతం అందులో వేయాలని చట్టం. 2020లో ఆ చట్టం సడలించి, బడ్జెట్‌లో మిగులున్న ఏడాదే వేస్తే చాలన్నారు. వీటన్నిటినీ చూసుకునే కువైట్ ఇన్వెస్ట్‌మెంట్ అథారిటీ, అంటే కేఐఏ, 1982 నాటి 47వ నంబరు చట్టంతో పుట్టింది. తన పెట్టుబడుల వివరాలు బయటపెట్టకూడదని ఆ చట్టమే దానికి కట్టడి చేసింది.

వాళ్లు అంత దూరం ఎందుకు వెళ్లారు? దేశం చిన్నది, సుమారు 17,800 చదరపు కిలోమీటర్లు. జనాభా తక్కువ, రాబడి అంతా ఒక్క చమురు మీద. ఆ రాబడిని మళ్లీ అక్కడి నేల మీదే పోస్తే, చమురు ధర పడిన రోజు భవనాల ధరా పడుతుంది, అద్దెకుండేవాళ్లూ తగ్గుతారు. అందుకని చమురుతో సంబంధం లేని ఊళ్లలో ఆస్తి కావాలి. ఈ జాగ్రత్త విలువ 1990 ఆగస్టు 2న తెలిసింది. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన ఆ రోజు నుంచి ప్రవాసంలో ఉన్న ప్రభుత్వాన్ని నిలబెట్టింది లండన్ ఆఫీసు చేతిలో ఉన్న విదేశీ పెట్టుబడులే.

1973-74లో చమురు ధర దాదాపు నాలుగు రెట్లు అయింది. డబ్బు వరదలా వచ్చింది. అదే సమయంలో లండన్‌లో చిన్న బ్యాంకులు కుప్పకూలి, ఆస్తుల ధరలు నేలకు దిగాయి. 1974లో కేఐఓ సెయింట్ మార్టిన్స్ కంపెనీని 10.7 కోట్ల పౌండ్లకు కొనేసింది. ఒక్కో భవనం కోసం వెతుక్కునే బదులు, భవనాలతో పాటు వాటిని నడపడం తెలిసిన మనుషులను కూడా ఒకేసారి సంపాదించుకుంది. కొత్త దేశంలో అడుగుపెట్టే పెద్ద సంస్థలు ఇప్పటికీ వాడే దారి ఇదే.

కొనేది అద్దెను

కోనసీమలో కొబ్బరి తోట బేరమాడే రైతు చెట్ల ఎత్తు చూసి ధర కట్టడు. దింపుకు ఎన్ని కాయలు వస్తాయో అడుగుతాడు. వాణిజ్య భవనం కొనేవాళ్ల ఆలోచనా అదే. గాజు అద్దాలు, లిఫ్టుల మెరుపు తర్వాతి మాట. ఎవరు అద్దె కడుతున్నారు, ఎంత, ఎన్నేళ్లు, ఖర్చులు పోగా చేతికి మిగిలేది ఎంత? భవనం ధర ఈ జవాబుల నుంచి పుడుతుంది.

ఓ లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊహించుకున్నవి, వేసే పద్ధతి మాత్రం అసలుదే. కువైట్‌లోని సాల్మియాలో 40 ఫ్లాట్ల భవనం, ఒక్కో ఫ్లాటుకు నెలకు 250 దినార్ల అద్దె అనుకుందాం. ఏడాదికి 1,20,000 దినార్లు. అన్ని ఫ్లాట్లూ ఏడాదంతా నిండి ఉండవు. ఖాళీల కింద పదో వంతు, అంటే 12,000 తీసేయాలి. హారిస్ (కాపలాదారు) జీతం, లిఫ్టు, ఏసీ మరమ్మతులు, బీమా కలిపి మరో 10,000. మిగిలే నికర అద్దె 98,000 దినార్లు. ఆ వీధిలో ఇలాంటి భవనాలు కొనేవాళ్లు పెట్టిన డబ్బు మీద ఏటా 7 శాతం రావాలని ఆశిస్తుంటే, 98,000ను 7 శాతంతో భాగించాలి. ధర 14 లక్షల దినార్లు. ఆ 7 శాతాన్నే ఈ వ్యాపారంలో క్యాప్ రేటు అంటారు.

ఇప్పుడు భవనంలో ఏ మార్పూ లేకుండా మార్కెట్ ఆశ ఒక్కటే మారిందనుకుందాం. ఊళ్లో జనం తగ్గుతున్నారనో, బ్యాంకు డిపాజిట్ మీదే మంచి వడ్డీ వస్తోందనో, కొనేవాళ్లు 8 శాతం అడుగుతున్నారు. అదే 98,000ను 8 శాతంతో భాగిస్తే 12,25,000. ఒక్క ఇటుక రాలకుండానే, ఒక్క అద్దెదారు వెళ్లకుండానే, విలువలో 1,75,000 దినార్లు ఎగిరిపోయాయి. 2022 తర్వాత ప్రపంచమంతటా వడ్డీ రేట్లు పెరిగినప్పుడు ఆఫీసు భవనాల ధరలు పడిపోవడానికి ఒక ముఖ్య కారణం ఈ భాగహారమే. ఇంటి నుంచి పనిచేసే అలవాటు దానికి తోడైంది.

అప్పు చేసే పని

ఈ సంస్థలు భవనం ధరంతా సొంత జేబులోంచి పెట్టడం అరుదు. పై ఉదాహరణలో 60 శాతం, అంటే 8,40,000 దినార్లు బ్యాంకు ఇచ్చిందనుకుందాం. సొంత డబ్బు 5,60,000. వడ్డీ 5 శాతమైతే ఏడాదికి 42,000. నికర అద్దెలో అది పోగా 56,000 మిగులుతుంది. సొంతంగా పెట్టిన దాని మీద సరిగ్గా 10 శాతం. అప్పు లేకుండా కొంటే వచ్చేది 7 శాతమే. అప్పు చేయడంలోని ఆకర్షణ ఇక్కడుంది.

ప్రమాదమూ ఇక్కడే ఉంది. వడ్డీ 8 శాతానికి పెరిగితే 67,200 బ్యాంకుకే పోతుంది. మిగిలేది 30,800, అంటే ఐదున్నర శాతం. అదే సమయంలో భవనం ధర 12,25,000కు దిగితే పడిన 1,75,000 బ్యాంకు వాటాలోంచి పోదు, అంతా సొంత డబ్బులోంచే పోతుంది. ధర పడింది ఎనిమిదో వంతు, సొంత డబ్బు కరిగింది దాదాపు మూడో వంతు. అప్పు లాభాన్నీ నష్టాన్నీ రెంటినీ పెంచుతుంది. పేరున్న రియల్ ఎస్టేట్ సంస్థలు మునిగినప్పుడు భవనాలు చాలాసార్లు నిలబడే ఉంటాయి. తీర్చాల్సిన గడువు వచ్చి, కొత్త అప్పు పుట్టక మునుగుతాయి.

కువైట్‌లో చాలామంది మదుపుదారులు వడ్డీ అప్పు తీసుకోరు. 1977లో మొదలైన కువైట్ ఫైనాన్స్ హౌస్ లాంటి ఇస్లామిక్ బ్యాంకులు ఇజారా పద్ధతి వాడతాయి. బ్యాంకే భవనం కొని, అద్దెకిచ్చి, చివరికి బదిలీ చేస్తుంది. కాగితం వేరు. ప్రతినెలా కట్టాల్సిన బాధ్యత మాత్రం అక్కడా ఉంటుంది.

ఎవరి పని ఎవరిది

ఒక పెద్ద మదుపు వెనక మూడు చేతులుంటాయి. మొదటిది డబ్బున్న చేయి: దేశపు నిధి, పింఛను సంస్థ, బీమా కంపెనీ, సంపన్న కుటుంబం. రెండోది ఆ డబ్బును ఎక్కడ పెట్టాలో తేల్చే మేనేజర్. మూడోది ఊళ్లో ఉండి కట్టే, నడిపే, అద్దెదారులను తెచ్చే స్థానిక భాగస్వామి. ఒక్కో భవనానికి ఒక్కో విడి కంపెనీ పెట్టడం ఆనవాయితీ. ఒక భవనం అప్పుల్లో పడితే ఆ నష్టం పక్క భవనాన్ని లాగకూడదు, అమ్మేటప్పుడు కంపెనీ వాటాలు చేతులు మారితే చాలు.

మేనేజర్లకు సాధారణంగా పెట్టుబడిలో ఏటా ఒకటి, రెండు శాతం రుసుము ఉంటుంది. ముందుగా ఒప్పుకున్న లాభం, తరచు 8 శాతం దగ్గర, దాటాక పైన మిగిలిన దాంట్లో సుమారు ఐదో వంతు వాటా అదనం. లాభం వస్తే ఇద్దరికీ. నష్టం వస్తే డబ్బు పెట్టినవాడికే, మేనేజరు రుసుము మాత్రం ఆగదు. అందుకే తెలివైన నిధులు మేనేజరు సొంత డబ్బు కూడా కొంత పెట్టాలని పట్టుబడతాయి.

ఈ మూడు చేతులూ కలిసి పనిచేస్తే ఎలా ఉంటుందో అమెరికాలోని కియావా దీవి చెబుతుంది. సౌత్ కరోలినా తీరంలో ఉన్న ఆ దీవిని కువైట్ ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీ 1974లో 1.74 కోట్ల డాలర్లకు కొంది. కట్టడం తనకు తెలియదు కనక, అదే తీరంలో హిల్టన్ హెడ్ దీవిలో విడిది ఊరు కట్టి పేరు తెచ్చుకున్న సీ పైన్స్ కంపెనీకి పని అప్పజెప్పింది. రోడ్లు పడ్డాయి, గోల్ఫ్ మైదానాలు వచ్చాయి, ఇళ్ల స్థలాలు అమ్ముడయ్యాయి. 1988లో దీవిని 10.5 కోట్ల డాలర్లకు అమ్మి కువైటీలు బయటికొచ్చారు. మధ్యలో పెట్టిన ఖర్చు తీసేసి చూడాలి కనక అది ఆరు రెట్ల లాభం అనలేం. ఎప్పుడు కొనాలో, ఎవరితో కట్టించాలో, ఎప్పుడు వదిలేయాలో తెలిసిన బేరం అని మాత్రం అనవచ్చు.

మాడ్రిడ్‌లో ఆగిన మేడలు

ప్రతి బేరం అలా ముగియదు. స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో ప్లాజా దె కాస్తియా కూడలికి రెండు వైపులా, ఒకదాని వైపు ఒకటి 15 డిగ్రీలు వాలిన జంట మేడలున్నాయి. అధికారిక పేరు పుయెర్తా దె యురోపా. మాడ్రిడ్ జనం మాత్రం ఇప్పటికీ కియో మేడలు అంటారు. కేఐఓ అనే మూడక్షరాలే అలా స్థిరపడిపోయాయి.

1980లలో కేఐఓ స్పెయిన్‌లో గ్రూపో టోరాస్ అనే కంపెనీ ద్వారా విపరీతంగా పెట్టుబడులు పెట్టింది. కాగితం మిల్లులు, రసాయనాలు, ఆహారం, భవనాలు అన్నీ ఒకే గొడుగు కిందికి చేరాయి. అప్పు పెరిగింది, లండన్ నిఘా తగ్గింది. 1992 డిసెంబరులో టోరాస్ అప్పులు తీర్చలేనని చేతులెత్తేసింది. జంట మేడల పని మధ్యలో ఆగింది. వేరే యజమానులు వచ్చి 1996 నాటికి పూర్తిచేశారు. కంపెనీ నిధులు దారి మళ్లాయని టోరాస్ తన మాజీ అధికారులపై లండన్ హైకోర్టులో దావా వేసింది. 1999లో తీర్పు కంపెనీ పక్షాన వచ్చింది. పోయిన డబ్బును పూర్తిగా రాబట్టుకోవడం వేరే సంగతి.

మేడల నమూనాలో లోపం లేదు, చోటూ మంచిదే. దూరంలో ఉన్న డబ్బుకు దగ్గరలో ఉన్న చేతుల మీద లెక్కా తనిఖీ లేకపోవడమే అసలు లోపం. విదేశాల్లో భవనాలు కొనే ప్రతి సంస్థకూ ఇది మొదటి పాఠం.

లీజులో ఒక్క షరతు

మళ్లీ లండన్ సంగతికి వద్దాం. 1980లలో సెయింట్ మార్టిన్స్ పాత రేవు గోదాములను తీసుకుని లండన్ బ్రిడ్జ్ సిటీ పేరుతో ఆఫీసులు, దుకాణాలు కట్టింది. హేస్ గ్యాలెరియా 1987లో తెరిచింది. పక్కనే ఉన్న మోర్ లండన్ ఆవరణను 2013 డిసెంబరులో సుమారు 170 కోట్ల పౌండ్లకు కొంది. బ్రిటన్ ఆస్తుల చరిత్రలో పెద్ద బేరాల్లో అదొకటి. ఈవై, పీడబ్ల్యూసీ లాంటి అంతర్జాతీయ సంస్థలు, లండన్ నగర ప్రభుత్వం అప్పటి అద్దెదారులు. ఇంతకంటే గట్టి అద్దెదారులు దొరకరు అనిపిస్తుంది.

కానీ నగర ప్రభుత్వపు లీజులో ఒక షరతు ఉంది. 2021 డిసెంబరులో కావాలనుకుంటే గడువుకు ముందే ఖాళీ చేయవచ్చు. కోవిడ్‌తో రాబడి పడిపోయిన నగర ప్రభుత్వం ఏటా కోటి పౌండ్లు దాటే అద్దె భారం వదిలించుకుందామని ఆ షరతు వాడుకుంది. రాయల్ డాక్స్‌లో తన సొంతమైన క్రిస్టల్ భవనానికి మారిపోయింది. సభా మందిరం కోసం, మెలికలు తిరిగే నడక దారి కోసం ప్రత్యేకంగా కట్టిన గుండ్రటి భవనం ఓనరు చేతిలో మిగిలింది. అలాంటి ఆకారంలో మామూలు ఆఫీసు తేలిగ్గా కుదరదు. మార్చి కట్టే ప్రణాళికలు వేయాల్సి వచ్చింది.

అందుకే ఈ వ్యాపారంలో అనుభవమున్నవాళ్లు భవనం చూసేముందు లీజు చదువుతారు. ఎన్నేళ్లు మిగిలింది, మధ్యలో వెళ్లే వీలుందా, అద్దె ఎప్పుడు పెరుగుతుంది, మరమ్మతు ఖర్చు ఎవరిది, ఈ అద్దెదారు వెళ్తే ఇంకొకరికి ఈ చోటు పనికొస్తుందా? చివరి ప్రశ్న చాలామంది మరిచిపోతారు.

కువైట్‌లో మన అద్దె

ఇక కువైట్ లోపలికి చూద్దాం. అక్కడ స్థిరాస్తిని మూడు తరగతులుగా చూస్తారు: కువైటీ కుటుంబాలుండే సొంత నివాసాలు, అద్దెకిచ్చే ఫ్లాట్ల భవనాలు, దుకాణాలూ ఆఫీసులుండే వాణిజ్య భవనాలు. రెండో తరగతికి అక్కడి పేరే పెట్టుబడి నివాసం. మహబూలా, మంగాఫ్, ఫహాహీల్, ఫర్వానియా, ఖైతాన్, హవల్లీ, సాల్మియాల్లో కనబడే ఫ్లాట్ల భవనాలు చాలావరకు ఇవే. జనాభాలో మూడింట రెండొంతుల మంది విదేశీయులు, వాళ్లకు సొంత ఇల్లు కొనే వీలు సాధారణంగా లేదు. అంటే అద్దె గదికి గిరాకీ చట్టంలోంచే వస్తోంది. రాయచోటి నుంచో రాజోలు నుంచో వెళ్లి బెడ్ స్పేసుకు నెలనెలా దినార్లు కట్టే మనిషి ఆ భవనం విలువలో ఒక అంకె. అఖామా (నివాస అనుమతి) నిబంధనలు బిగిసినా, పనులు తగ్గి జనం వెనక్కి వచ్చినా ముందుగా పడేది ఈ భవనాల ధరే.

అద్దెదారుకు చట్టం ఇచ్చిన రక్షణ ఒకటుంది. 1978 నాటి 35వ నంబరు అద్దె చట్టం ప్రకారం ఒప్పందం మొదలైన ఐదేళ్ల లోపు అద్దె పెంచకూడదు. రసీదు లేకుండా నోటిమాట మీద ఉండేవాళ్లకు ఆ రక్షణ అక్కరకు రాదు.

మాల్ లెక్క వేరు. మబానీ కంపెనీ అల్ రాయ్ దగ్గర 2007లో తెరిచిన అవెన్యూస్ మాల్ దశలవారీగా పెరిగింది. 2018లో నాలుగో దశ వచ్చాక వెయ్యికి పైగా దుకాణాలయ్యాయి. మాల్స్‌లో సాధారణంగా కొంత స్థిరమైన అద్దె, దాని పైన అమ్మకాల్లో వాటా ఉంటాయి. అందుకే మాల్ ఓనరుకు జనం రావడం మీద అంత శ్రద్ధ. పెద్ద సరుకుల దుకాణానికి తక్కువ అద్దెకు చోటిచ్చి, దాని కోసం వచ్చిన జనాన్ని చూపించి చిన్న దుకాణాల దగ్గర ఎక్కువ వసూలు చేస్తారు.

ఖర్చులు పోగా మిగిలేదే నికర అద్దె అని పైన చూశాం, అంటే ఖర్చు తగ్గిస్తే అది పెరుగుతుంది. అక్కడే ఒక చీకటి కోణం ఉంది. గదికి నలుగురుండాల్సిన చోట పదిమందిని పెడితే, మెట్ల దారిలో సామాను పేరిస్తే, వైరింగ్ మార్చకపోతే కాగితం మీద లాభం పెరిగినట్టే ఉంటుంది. 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికులుండే భవనంలో మంటలు లేచి నలభై మందికి పైగా భారతీయులు చనిపోయారు. వాళ్లలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. ఆ తర్వాత అధికారులు కిక్కిరిసిన భవనాల మీద తనిఖీలు మొదలుపెట్టారు. భద్రతకు పెట్టే ఖర్చును లాభంలో కోతగా చూసే లెక్క తప్పుడు లెక్క.

మన చేతిలో ఉన్నది

కువైట్ నిధి మన వైపూ వచ్చింది. శ్రీకాకుళం వైపు రాజాం నుంచి ఎదిగి హైదరాబాద్ విమానాశ్రయం కట్టిన జీఎంఆర్ సంస్థ బాండ్లలో కేఐఏ 2015లో 30 కోట్ల డాలర్లు పెట్టింది. వాటికి పెట్టిన గడువు 60 ఏళ్లు. అంత ఓపిక దేశపు నిధులకే సాధ్యం. నెల జీతం మీద బతికే మనకు అది కుదరదు. చిన్న మొత్తంతో వాణిజ్య భవనాల అద్దెలో వాటా పొందే దారి మాత్రం ఇప్పుడుంది. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2014లో నిబంధనలు తెచ్చిన రీట్‌లు, అంటే అద్దె భవనాలున్న ట్రస్టుల వాటాలు, స్టాక్ ఎక్స్ఛేంజిలో దొరుకుతాయి. ఆస్తుల్లో కనీసం 80 శాతం కట్టడం పూర్తయి అద్దె తెచ్చేవే ఉండాలి. పంచడానికి వీలైన నగదులో కనీసం 90 శాతం వాటాదారులకు ఇవ్వాలి. 2020 ఆగస్టులో లిస్టయిన మైండ్‌స్పేస్ రీట్‌కు హైదరాబాద్ మాదాపూర్‌లో పెద్ద ఆఫీసు ఆవరణ ఉంది. డీమ్యాట్ ఖాతా ఉంటే ఎన్నారైలూ కొనవచ్చు. ధర పెరగవచ్చు, పడవచ్చు. లెక్కలు మాత్రం అందరి ముందూ ఉంటాయి.

దీనికి పూర్తి వ్యతిరేకం ఇంకొకటి. కట్టని మాల్‌లో షాపు కొనండి, నెలనెలా హామీ అద్దె ఇస్తాం అనే ప్రకటనలు గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ల ఫోన్లకు రోజూ వస్తుంటాయి. అద్దెదారు లేని భవనం నుంచి అద్దె ఎలా వస్తుంది? చాలాసార్లు మీరిచ్చిన డబ్బులోంచే కొంత మీకు తిరిగిస్తారు. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం, దాని పరిధిలోకి వచ్చే ఏ ప్రాజెక్టునూ నమోదు కాకముందు ప్రకటించడానికీ అమ్మడానికీ వీల్లేదు. ప్రీలాంచ్ పేరు వినగానే ఆగాల్సింది అందుకే.

వేల కోట్లు పెట్టే సంస్థలు అడిగే ప్రశ్నలే మీ ఐదు లక్షలకూ వర్తిస్తాయి. అద్దె ఎవరు కడతారు? లీజు ఎన్నేళ్లు, మధ్యలో వెళ్లే షరతు ఉందా? ఆస్తి మీద అప్పు ఎంత? లెక్కలు ఎవరు తనిఖీ చేస్తారు? ఈ నాలుగింటికీ జవాబులు కాగితం మీద తీసుకోండి, రెరా నంబరు మీరే వెబ్‌సైటులో సరిచూసుకోండి. కాగితం చూపించలేని మనిషికి, ఎంత దగ్గరి చుట్టమైనా సరే, ఎడారిలో కష్టపడి సంపాదించిన దినార్లు ఇవ్వకండి.